అరకు కొండల్లో నడక, కాఫీ టేస్టింగ్: వైజాగ్ నుంచి నాలుగు రోజుల ట్రిప్ మొదట్నుంచి చివరిదాకా

వైజాగ్‌లో ఎవర్నడిగినా అరకు చూశామనే అంటారు. ఏం చూశారంటే పొద్దున రైలెక్కి బొర్రా గుహలు, తర్వాత ట్రైబల్ మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్‌లో రెండు ఫోటోలు, రోడ్డు పక్కన బొంగు చికెన్, మధ్యలో పేపర్ కప్పులో పాలూ పంచదారా దట్టించిన ఒక కాఫీ, చీకటి పడేసరికి మళ్ళీ వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగిపోవడం. అది అరకు చూడ్డం కాదు గురూ, అరకు మీదుగా వెళ్ళిరావడం. నాసిక్ వైపు ద్రాక్షతోటల వాళ్ళు పగలంతా సహ్యాద్రి కొండలెక్కించి సాయంత్రం వైన్ టేస్టింగ్ పెట్టి జనాన్ని బాగానే రప్పించుకుంటున్నారు, మనకి 115 కిలోమీటర్ల దూరంలో 2019లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు) తెచ్చుకున్న అరబికా రకం కాఫీ ఉంది, 2017లో పారిస్‌లో షాపు కూడా తెరిచారు దానికి, మనం మాత్రం ఇంకా చాక్లెట్ ప్యాకెట్ కొనుక్కుని వచ్చేస్తున్నాం.

ఇక్కడ చెప్పేది నాలుగు పగళ్ళు, మూడు రాత్రుల ప్లాన్. నలుగురి నుంచి ఎనిమిది మంది దాకా ఉన్న గ్రూప్‌కి సరిపోతుంది. వరస మాత్రం మార్చొద్దు: ముందు కొండ నడవాలి, తోట చూడాలి, ఆ తర్వాతే కప్పు ముందు కూర్చోవాలి. తిరగేస్తే టేస్టింగ్‌లో ఏం అర్థం కాదు, ఏదో చేదుగా ఉందనిపించి లేచిపోతారు.

ముందు నెల తేల్చుకోండి

అన్నిటికంటే మంచి టైం నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా. అప్పుడు అరబికా కోత నడుస్తుంది, చెట్లమీద ఎర్రటి పళ్ళు, ఊళ్ళల్లో పల్పర్లు (పండు తొక్క తీసే మిషన్లు) తిరగడం, ఇళ్ళ ముందు టార్పాలిన్ల మీద గింజలు ఆరడం అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, పైగా పాడేరు దగ్గరి వంజంగి కొండ దగ్గర మేఘాలు పడేది కూడా ఆ నెలల్లోనే. ఐతే క్రిస్మస్ నుంచి జనవరి ఫస్ట్ దాకా, సంక్రాంతి సెలవల్లో, ఏ శని ఆదివారమైనా సరే వద్దు. ఘాట్ రోడ్డు మీద కారు వెనక కారు ఆగిపోయి ఉంటాయి, రూములు రేట్లు రెట్టింపు, గైడ్లకి ఊపిరాడదు. సోమవారం పొద్దున బయల్దేరి గురువారం రాత్రికి వచ్చేయండి, అదే కొండ మీకు సగం ఖాళీగా దొరుకుతుంది. ఆఫీసులో లీవ్ అడగడం కష్టమే, కానీ అడగాలి.

రెండో ఛాయిస్ మార్చి, ఏప్రిల్. వేసవి మొదట్లో జల్లు పడితే వారం పది రోజులకి కాఫీ చెట్లు ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి, తోటంతా మల్లెల వాసన, కానీ ఆ పూత నాలుగైదు రోజుల్లో రాలిపోతుంది కాబట్టి ముందుగా బుక్ చేస్కుని వెళ్ళడం లాటరీయే, తెలిసిన గైడ్ ఫోన్ చేస్తే అప్పటికప్పుడు వెళ్ళగలిగిన వాళ్ళకే. జులై నుంచి సెప్టెంబర్ దాకా జలపాతాలు బ్రహ్మాండంగా ఉంటాయి, కాలిబాటలు మాత్రం బురద, జలగలు, కేకే లైన్ (కొత్తవలస కిరండోల్ రైలు మార్గం) మీద కొండచరియలు పడి రైళ్ళు ఆగిపోవడం కూడా ఉంటుంది. కొత్తవాళ్ళు ఆ సీజన్ జోలికి పోకండి.

కాళ్ళు రెడీ చేస్కోవడం

బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడుస్తున్నాం కదా అనుకోవద్దు, అది చదును. ఇక్కడ రోజుకి 6 నుంచి 10 కిలోమీటర్లు నడవాలి, అందులో సగం ఎక్కడం, ఇంకో సగం దిగడం, దిగడంలోనే మోకాళ్ళు ఏడుస్తాయి. నెల ముందు నుంచి వారానికి రెండుసార్లు సింహాచలం మెట్లు ఎక్కి దిగండి, బస్సు దొరికింది కదాని దిగేటప్పుడు ఎక్కేయకండి. ఆదివారం కంబాలకొండలో ఒక పూట నడవండి, వేసుకెళ్ళబోయే షూసే వేసుకుని, భుజాన బ్యాగులో రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకుని. ఆషాఢంలో 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ పూర్తిచేసిన వాళ్ళైతే ఈ ట్రిప్ మీకు ఆటే, అందులో ఐదారు గంటలకే కాళ్ళు పట్టేసిన వాళ్ళైతే ఇంకాస్త ప్రాక్టీస్ చేయండి.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీస్కెళ్తుంటే వాళ్ళని వదిలేయక్కర్లేదు. తోట నడక, టేస్టింగ్ వాళ్ళు చేయగలరు, కటికి జలపాతం, వంజంగి కొండ మాత్రం వాళ్ళకి వద్దు, ఆ పూట వాళ్ళు రూమ్ వరండాలో ఎండ కాచుకుంటారు, సుఖపడతారు కూడా.

గైడ్ లేకుండా తోటలోకి అడుగు పెట్టొద్దు

ఈ మొత్తం ట్రిప్ బాగుండడం బాగోకపోవడం గైడ్ మీదే ఉంటుంది. గూగుల్ మ్యాప్స్ ఇక్కడ కాలిబాటల్ని చూపించదు, సిగ్నల్ ఒక మలుపులో ఉంటే ఇంకో మలుపులో ఉండదు, పైగా మనకి అడివిలా కనిపించేది చాలా చోట్ల ఎవరో ఒక గిరిజన రైతు ఎకరమో రెండెకరాలో ఉన్న కాఫీ తోట. అడక్కుండా దూరితే వాళ్ళ ఇంట్లోకి దూరినట్టే లెక్క.

గైడ్ అంటే కారు డ్రైవర్ కాదు, ఈ తేడా గట్టిగా పట్టుకోండి. డ్రైవర్ వ్యూపాయింట్లు చూపిస్తాడు, మీకు కావాల్సింది ఆ పంచాయతీలో పుట్టి, కోత కోసే చేతులున్న మనిషి. రూమ్ బుక్ చేసేటప్పుడే హోమ్‌స్టే వాళ్ళనో, టూరిజం హరిత రిసార్ట్ రిసెప్షన్‌లోనో, ఎకో టూరిజం నడిపే అటవీ శాఖ వాళ్ళనో అడగండి, ఊళ్ళో కాఫీ తోట ఉన్న కుర్రాడు ఎవరైనా నడక చూపిస్తాడా అని. దొరికాక ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడండి. మీ తోటలో ఇప్పుడు కోత నడుస్తోందా? పల్పింగ్ చూడొచ్చా? దారిలో వాగు దాటాలా? ఎవరికైనా కాలు మడతపడితే జీపు ఎక్కడిదాకా రాగలదు? ఈ చివరి ప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చిన మనిషిని పట్టుకోండి. అన్నిటికీ ఓకే సార్ నో ప్రాబ్లం అనేవాణ్ణి వద్దు.

డబ్బులు ముందే తేల్చేయండి, రోజుకింత అని, భోజనం మీదా అతనిదా అని కూడా. చివర్లో బేరమాడటం అసహ్యంగా ఉంటుంది. అతని తోటలో కూర్చుని టేస్టింగ్ చేస్తుంటే దానికి విడిగా ఇవ్వాలి, అది ఫ్రీ కాదు. పిలుపు కూడా ముఖ్యమే, తమ్ముడూ అనో అన్నా అనో పిలవండి, ఏయ్ బాబూ ఇట్రా అంటే వస్తాడు గానీ తర్వాత ఏ విషయమూ విప్పి చెప్పడు. వాళ్ళల్లో వాళ్ళు ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడుకుంటారు, మనతో తెలుగే.

వెళ్ళే ముందు ఇంట్లోనే నాలికకి అలవాటు చేయండి

మనం పుట్టినప్పట్నుంచీ తాగేది పాలు, పంచదార, చికోరీ అనే వేరుపొడి కలిసిన డికాషన్. ఆ నాలికతో నేరుగా కొండమీద బ్లాక్ కాఫీ ముందు కూర్చుంటే మొహం చిట్లించడం తప్ప ఏం జరగదు. కాబట్టి రెండు వారాల ముందు ఒక ఆదివారం పొద్దున ఇంట్లో కప్పింగ్ చేయండి. కప్పింగ్ అంటే కాఫీ కొనేవాళ్ళు గింజల నాణ్యత తేల్చడానికి చేసే టేస్టింగ్.

మూడు రకాలు తెచ్చుకోండి: జీసీసీ (గిరిజన సహకార సంస్థ) అవుట్‌లెట్‌లో దొరికే అరకు కాఫీ ఒకటి, ఎక్కడిదైనా రోబస్టా (అరబికా కాకుండా ఇంకో రకం కాఫీ) ఒకటి, మీరు రోజూ తాగే చికోరీ పొడి ఒకటి. ప్యాకెట్ వెనక చూడండి, చికోరీ శాతం రాసుంటుంది, మన దేశంలో కాఫీ చికోరీ మిక్స్‌లో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలు, అంటే దాదాపు సగం వేరుపొడే అమ్మొచ్చన్నమాట.

లెక్క ఇదీ. 150 మిల్లీలీటర్ల నీళ్ళకి 8.25 గ్రాముల పొడి, ఇంట్లో 200 పట్టే గ్లాసులైతే 11 గ్రాములు. పొడి ఫిల్టర్ కాఫీ పొడి కంటే కాస్త బరకగా ఉండాలి. ముందు పొడి వాసన చూడండి. తర్వాత 93 డిగ్రీల దగ్గర నీళ్ళు నేరుగా పొడి మీద పోసి నాలుగు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి, పైన తెట్టు కడుతుంది. నాలుగో నిమిషంలో ముక్కు కప్పుకి దగ్గరగా పెట్టి చెంచాతో ఆ తెట్టు విరగ్గొట్టండి, అప్పుడొచ్చే వాసనే అసలు వాసన, ఆ సెకన్లు మిస్సవ్వొద్దు. పైన తేలిన నురగ తీసేసి ఇంకో ఐదారు నిమిషాలాగి, చెంచాతో తీసుకుని వేడి రసం జుర్రినట్టు చప్పుడు వచ్చేలా జుర్రండి. ఆ చప్పుడుకి మొహమాటపడొద్దు, గాలి కలిసి నోరంతా పరుచుకోడానికే అది. మింగక్కర్లేదు, ఉమ్మేయొచ్చు, మూడు నాలుగు రకాలు మింగుకుంటూ పోతే గుండె దడ పట్టుకుంటుంది.

వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, గోరువెచ్చగా అయ్యాక ఒకసారి, చల్లారాక ఒకసారి. మంచి కాఫీ చల్లారేకొద్దీ తీపి తేలుతుంది, చెత్త కాఫీ చల్లారేకొద్దీ తాగలేం. పుస్తకాల్లో రాసే బ్లూబెర్రీ, హేజల్‌నట్ అనే మాటలు మనకి అక్కర్లేదు, మనలో చాలామంది అవి తినే ఉండం. మీ నాలికకి తెలిసిన మాటలే రాసుకోండి: నిమ్మ పులుపా చింతపండు పులుపా బత్తాయా, బెల్లం తీపా పంచదార తీపా, వేపిన వేరుశెనగా, పనసా, మిరియమా. చెడ్డవాటికీ మాటలు పెట్టుకోండి, బూజు, మందుల వాసన, పులిసిపోయిన చద్ది.

బ్యాగులో ఏం ఉండాలి

పట్టున్న షూస్, రెండు జతల మందం సాక్సులు, పొడుగు చేతుల చొక్కాలు, స్వెట్టర్, మంకీ క్యాప్. నవ్వకండి, డిసెంబర్ జనవరుల్లో రాత్రి టెంపరేచర్ సింగిల్ డిజిట్‌కి పడిపోతుంది, వైజాగ్ ఒంటికి అది ఊటీ లెక్క. తలకి పెట్టుకునే టార్చ్, ఓఆర్ఎస్, దోమల క్రీం, చిన్న నోట్లుగా క్యాష్, ఆధార్ కార్డ్. దారిలో చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం బండ్లు ఆపి వెతుకుతుంటారు, అది వాళ్ళ డ్యూటీ, కార్డ్ చూపించి డిక్కీ తెరిచి వచ్చేయండి, కానీ దారిలో ఎవరైనా ఈ మూట వైజాగ్‌లో ఇచ్చేయండి సార్ అంటే దణ్ణం పెట్టి తప్పుకోండి.

ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన ప్రాంతంలో, మలేరియా ఉంటుంది. సాయంత్రం కాళ్ళు చేతులు కప్పుకోండి, దోమతెర ఉన్న రూమ్ అడగండి, తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే ఇంట్లో డోలో వేసుకుని పడుకోకుండా రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్‌కి ఏజెన్సీ వెళ్ళొచ్చామని ముందే చెప్పండి.

టేస్టింగ్ కిట్ కూడా మనదే తీస్కెళ్ళాలి, ఊళ్ళల్లో కప్పింగ్ టేబుల్ ఉండదు. చేత్తో తిప్పే గ్రైండర్, చిన్న డిజిటల్ కాటా, ఒకే సైజు స్టీల్ గ్లాసులు పది, సూప్ చెంచాలు, థర్మామీటర్ ఉంటే మంచిదే. స్టవ్వూ నీళ్ళూ హోమ్‌స్టే వాళ్ళిస్తారు.

మొదటి రోజు: రైలు, బొర్రా, కటికి

పైకి రైల్లో, కిందికి రోడ్డు మీద. కొత్తవలస కిరండోల్ లైన్ బైలడిల్లా ఇనుప ఖనిజం వైజాగ్ పోర్టుకి చేర్చడానికి 1960ల్లో జపాన్ సాయంతో వేసింది, మనుషులెక్కడం తర్వాతి ముచ్చట. అందుకే బండి మెల్లగా, సొరంగాల మీద సొరంగాలు, మనోళ్ళు లెక్కపెట్టి 58 అంటారు. 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ కోచ్ ఉంది, టికెట్ తొందరగా అయిపోతుంది, దొరక్కపోతే బాధపడొద్దు, సెకండ్ సిటింగ్‌లో కిటికీ తెరిచి గాలి పీలుస్తూ వెళ్ళడమే నాకైతే ఇష్టం. పొద్దున బండి కాబట్టి ఆరున్నర లోపే స్టేషన్‌లో ఉండండి, ఇడ్లీ పార్సిల్ కట్టించుకోండి.

అరకు దాకా వెళ్ళకుండా బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిపోండి, గుహలు అక్కణ్ణుంచి నడిచే దూరమే. సున్నపురాయి కొండని గోస్తనీ నది నీళ్ళు ఏళ్ళ తరబడి కరిగించి తొలిచిన గుహ అది, గంటన్నర చాలు. గైడ్‌ని ఇక్కడికే రమ్మనండి. మధ్యాహ్నం కటికి జలపాతం: కొంత దూరం జీపు, తర్వాత కాలినడక. జీపు దారి నడుం విరగ్గొడుతుంది, ఓపికుంటే దిగి నడిచేయడమే నయం. జలపాతం కింద రాళ్ళు జారుడు, నీళ్ళల్లోకి గైడ్ చూపించిన చోటే దిగండి. చీకటి పడకముందే బయటపడి రాత్రికి అనంతగిరి చేరిపోండి. ఆ రాత్రి కాఫీ వద్దు, తొందరగా పడుకోండి.

రెండో రోజు: తోట, పల్పర్, కప్పు

ఈ రోజు కోసమే ఈ ట్రిప్ అంతా. పొద్దున ఏడింటికల్లా తోట దారి పట్టాలి, కోత కోసేవాళ్ళు అప్పటికే దిగిపోయి ఉంటారు.

తోటలోకి వెళ్ళగానే పైకి చూడండి, కిందికి కాదు. పొడుగ్గా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి చుట్టుకున్న మిరియం తీగలు, మధ్యలో పనస, ఆ నీడలో మన భుజం ఎత్తు కాఫీ మొక్క. ఎండ నేరుగా పడితే పండు గబగబా పండిపోతుంది, నీడలో సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తులో చల్లగా నెమ్మదిగా పండుతుంది కాబట్టే గింజలో తీపీ పులుపూ నిలబడతాయి, సాయంత్రం కప్పులో మీరు వెతుక్కునేది ఈ నీడనే. ఈ కొండలకి కాఫీ కొత్త కాదు, 1898లో బ్రోడీ అనే తెల్లదొర గోదావరి వైపు పాములేరు లోయలో మొదట నాటించాడు, 1920ల్లో జయపురం రాజావారు అనంతగిరి, చింతపల్లి వైపు వేయించారు, తర్వాత అటవీ శాఖ, జీసీసీ చేతుల మీదుగా పోడు కొట్టుకునే గిరిజన రైతుల దాకా వచ్చింది. కొండ చెట్లు నరక్కుండా డబ్బు తెచ్చే పంట ఇది, చెట్టు ఉంటేనే పంట ఉంటుంది మరి.

గైడ్‌ని అడిగి నాలుగు పళ్ళు మీరే కోయండి. ఎర్రగా నిగనిగలాడేవే, పచ్చివి కోస్తే కప్పులో వగరు, నల్లబడ్డవి కోస్తే పులిసిన వాసన. పండు నోట్లో వేసుకుని నలిపితే పలచటి గుజ్జు తియ్యగా తగుల్తుంది, లోపల రెండు గింజలు జిగురు పట్టుకుని జారిపోతుంటాయి. ఒక్క మొక్క దగ్గర నిలబడి బుట్ట నింపడానికి ప్రయత్నించండి, పది నిమిషాల్లో తెలిసిపోతుంది కోతకూలి ఎంత కష్టమో. ఐదారు కిలోల పళ్ళు కోస్తే ఒక కిలో పచ్చి గింజ, అది వేపేసరికి ఇంకో 15, 20 శాతం బరువు పోతుంది.

కాయలు జేబులో వేసుకుని వైజాగ్ తేవద్దు. 2025లో అరకు వైపు కాయ తొలిచే పురుగు బయటపడింది, కాఫీకి అంతకంటే పెద్ద శత్రువు లేదు, అది ఒక తోట నుంచి ఇంకో తోటకి పాకేది ఎక్కువగా కాయలతో, సంచులతోనే. ఒక తోట చూసి ఇంకో తోటకి వెళ్ళేముందు బ్యాగులు, జేబులు దులుపుకోండి.

తర్వాత పల్పింగ్. పళ్ళు నీళ్ళ తొట్లో పోస్తారు, తేలినవి పనికిరానివి, మునిగినవే మంచివి. పల్పర్ తొక్క తీసేశాక జిగురుతో ఉన్న గింజల్ని తొట్లో రాత్రంతా పులియబెట్టి, జిగురు విడిచాక కడిగి ఎండబెడతారు. గింజ చేత్తో రుద్దితే గరగర చప్పుడు రావాలి, అప్పుడు జిగురు పోయినట్టు. తడి 10, 12 శాతానికి దిగేదాకా తిరగేస్తూ ఆరబెట్టాలి, మంచు పడకముందే కప్పెయ్యాలి. ఇలా కడిగి ఆరబెట్టిన దాన్ని పార్చ్‌మెంట్ అంటారు, పండుని పండుగానే ఎండబెట్టేస్తే చెర్రీ. ఈ రెండింటి రుచీ వేరు, సాయంత్రం పక్కపక్కన పెట్టి తాగాలి. చూస్తూ నిలబడితే చాలదు, ఆరబోసే చోట ఓ పావుగంట గింజలు ఏరండి, విరిగినవీ నల్లవీ తీసేయండి, ఇంట్లోవాళ్ళు మాటల్లోకి దిగేది అప్పుడే.

ఫోటో తీసేముందు అడగండి. ఊరి మొదట్లో దేవత రాయి ఉంటే చెప్పులతో దగ్గరికి పోవద్దు. పిల్లలకి చాక్లెట్లూ పది రూపాయలూ పంచొద్దు, ఇవ్వాలనుంటే స్కూల్లో టీచర్‌ని అడిగి నోట్‌బుక్స్ ఇవ్వండి.

టేస్టింగ్ సాయంత్రం నాలుగింటికి పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనంలో ఆవకాయ, ఎండుచేప, వెల్లుల్లి కారం తగ్గించండి, కిళ్ళీ వద్దు, జండూబామ్ అస్సలొద్దు, సెంట్ కొట్టుకోకండి. ఒకరి ఒంటిమీద బామ్ ఉంటే టేబుల్ మొత్తం పోయినట్టే. వరండాలో గ్లాసులు పెట్టి అడుగున స్టిక్కర్ మీద పేరు రాసి, కలిపేయండి, ఏది ఏదో తెలియకుండా తాగాలి. కనీసం నాలుగు రకాలు: గైడ్ తోట పార్చ్‌మెంట్, అదే ఊరి చెర్రీ, మీరు వైజాగ్ నుంచి తెచ్చిన ప్యాకెట్, ఒక రోబస్టా. గైడ్ తోట గింజ కొత్తగా వేపింది దొరక్కపోవచ్చు, పాతేడాది పంట ఇంట్లో ఉంటే మందపాటి మూకుట్లో వేపించుకోండి, గింజ చిటపటమన్నాక నిమిషం లోపు దింపేయాలి, నల్లగా మాడ్చేస్తే అన్ని కాఫీలూ ఒకటే రుచి. అప్పుడే వేపింది కాబట్టి ఓ గంటైనా చల్లారనివ్వండి.

వెయ్యి మీటర్ల ఎత్తులో నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరిగిపోతాయి, అందుకని ఇంట్లోలా రెండు నిమిషాలు ఆగక్కర్లేదు, దింపి కాసేపు మూత తీసి ఉంచి పోసేయడమే. మిగతాదంతా ఇంట్లో చేసినట్టే. ఒక నియమం పెట్టుకోండి, అందరూ కాగితం మీద రాసుకునేదాకా ఎవరూ నోరు తెరవకూడదు. ఒకడు బెల్లం అన్నాడంటే మిగతా ఏడుగురికీ బెల్లమే తగుల్తుంది. గైడ్‌ని, ఇంట్లోవాళ్ళని కూడా కూర్చోబెట్టండి, పండించే వాళ్ళల్లో చాలామంది గింజ అమ్మేసి ఇంట్లో టీ తాగుతారు, వాళ్ళ తోట కాఫీ పాలు లేకుండా ఇలా తాగడం వాళ్ళకీ కొత్తే.

కల్లు సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. జీలుగు కల్లు పొద్దున్నే తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పులిసి ఎక్కుతుంది. తెలిసిన ఇంట్లో, చెట్టు దించగానే ఒక దొప్పెడు రుచి చూడ్డం వేరు, కొండ నడుస్తూ తాగడం వేరు. సారా ఐతే ఎవరిచ్చినా వద్దు.

మూడో రోజు: మాడగడ, అరకు, చాపరాయి

పొద్దున్నే మాడగడ వ్యూపాయింట్‌లో సూర్యోదయం, తర్వాత అరకులో టిఫిన్. కాఫీ మ్యూజియం ఒకసారి తిరగండి, నిన్న కళ్ళారా చూశారు కాబట్టి అక్కడి బొమ్మలు అరగంట చాలు. వారపు సంత రోజైతే మాత్రం మ్యూజియం మానేసి సంతకి పొండి, కందులు, రాజ్మా, పిప్పళ్ళు, అడివి పసుపు కొనుక్కోవచ్చు, బేరం మరీ పీక్కోకండి. మధ్యాహ్నం డుంబ్రిగూడ వైపు చాపరాయి, రాతి మీంచి జారే నీళ్ళు, పిల్లలుంటే ఇక్కడ వదలరు. నడక తక్కువ పెట్టాను కావాలనే, మర్నాడు తెల్లవారుజామున లేవాలి. సాయంత్రానికి హుకుంపేట మీదుగా పాడేరు.

నాలుగో రోజు: వంజంగి, తర్వాత ఘాట్ దిగడం

పాడేరులో నాలుగింటికి బయల్దేరండి. బండి ఆగిన దగ్గర్నుంచి చీకట్లో ఎక్కుడు, రాళ్ళదారి, తల టార్చ్ ఇక్కడే పనికొస్తుంది. పైకెళ్ళేసరికి కింద లోయంతా మేఘాలతో నిండిపోయి ఉండొచ్చు, ఒక్క మేఘమూ లేకపోవచ్చు, ముందురోజు వాన పడి రాత్రి ఆకాశం తేలిపోయి గాలి లేకపోతే ఛాన్స్ ఎక్కువ. ఫ్లాస్కులో మొన్నటి గింజ కాఫీ పోసుకెళ్ళండి. చిప్స్ కవర్లు, వాటర్ బాటిల్స్ మీవి మీరే కిందికి తెచ్చేయండి, ఆ కొండమీద ఇప్పటికే చాలినంత ఉంది. దిగేటప్పుడు ఎండొస్తుంది, ఎక్కినదానికంటే దిగడం జాగ్రత్త, చిన్న చిన్న అడుగులు.

పాడేరులో మోదకొండమ్మకి దణ్ణం పెట్టుకుని ఘాట్ దిగండి. మలుపుల్లో వాంతులయ్యే వాళ్ళు ముందు సీట్లో కూర్చోండి. కింద మాడుగులలో హల్వా కొనకుండా వచ్చారని తెలిస్తే వైజాగ్‌లో ఎవరూ క్షమించరు. చోడవరం మీదుగా సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు.

తెచ్చుకున్న గింజల్ని ఏం చేయాలి

పొడి కొనకండి, వేపిన గింజలే కొనండి, అది కూడా వేపిన తేదీ రాసున్న ప్యాకెట్టే. ఎక్స్‌పైరీ ఒక్కటే రాసుంటే అది ఎప్పటిదో ఎవరికీ తెలీదు. అరబికా వంద శాతం అని రాసుందో లేదో చూడండి, ముందువైపు అరకు అని పెద్దక్షరాలతో ఉండి వెనక చికోరీ 30 శాతం అనుండటం మామూలే. గైడ్ తోటవే తీసుకుంటే మార్కెట్ రేటు కంటే కాస్త ఎక్కువే ఇవ్వండి, మధ్యలో దళారీ లేడు కదా. తలా అరకిలో కంటే ఎక్కువ తెచ్చుకోవద్దు.

వేపిన మర్నాడే వాడేయకుండా వారం ఆగండి, లోపలున్న గ్యాస్ బయటికి పోవాలి, ఆ తర్వాత నెల రోజుల్లో అయిపోగొట్టండి. మన వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ, గాజు సీసా మూత వదులుగా ఉంటే పది రోజులకే వాసన పోతుంది, అందుకని గాలి చొరబడని చిన్న డబ్బాల్లో విడివిడిగా పెట్టి ఒకటి అయ్యాకే ఇంకోటి తెరవండి. ఫ్రిజ్‌లో చేపల పులుసు పక్కన పెట్టొద్దు, గింజ అన్ని వాసనలూ పీల్చేస్తుంది. ఎప్పటికప్పుడు పొడి చేస్కోండి. ఇంట్లో పెద్దవాళ్ళు పాలు లేకుండా తాగరు కాబట్టి వాళ్ళకి మామూలు ఫిల్టర్‌లోనే వేయండి, చికోరీ లేదు కాబట్టి డికాషన్ పలచగా దిగుతుంది, పొడి ఒక చెంచా ఎక్కువ పడుతుంది, పాలు మాత్రం తగ్గించండి.